చల్లగాలి వచ్చే వేళ

మెల్‌బోర్న్‌లో జనవరి, ఫిబ్రవరి నెలలు నడివేసవి. పగలు 40 డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం గాలి మళ్లి చల్లబడుతుంది అని వార్తల్లో చెప్పారంటే నగరమంతా ఆ సాయంత్రం కోసం కాచుకుని కూర్చుంటుంది. కూర్చోవడం సహజమే. కాకపోతే అందరి చూపూ గరిష్ఠ ఉష్ణోగ్రత మీదే ఉంటుంది, గాలి ఎన్ని గంటలకు మళ్లుతుందన్న ముక్క చెవిన పడీపడకుండా పోతుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో వేసవి సూచన వినేవాళ్లు ముందుగా పట్టుకోవలసింది ఆ రెండో ముక్కనే. అక్కడ ఉపశమనమూ ఉపద్రవమూ తరచు ఒకే గాలి మీద వస్తాయి.

వేసవిలో ఆస్ట్రేలియా నడిమి ఎడారులు కాగిపోతుంటాయి. ఖండానికి దక్షిణాన సముద్రం మీద అల్పపీడనాలు పడమటి నుంచి తూర్పుకు సాగుతుంటాయి. వాటి వెంట వచ్చే చల్లగాలి అంచునే కోల్డ్ ఫ్రంట్ అంటారు. అది తీరం చేరేలోపు ఎడారి మీది వడగాడ్పు ఉత్తర, వాయవ్య దిక్కుల నుంచి విక్టోరియా మీదికి పోటెత్తుతుంది. అందుకే ఫ్రంట్ రావడానికి ముందు ఎండ మండిపోతుంది. చల్లగాలి బరువైనది గనక నేలనంటి చొచ్చుకొచ్చి వేడిగాలిని పైకి ఎత్తేస్తుంది. గాలి దిక్కు నైరుతికి తిరుగుతుంది, అంటే నైరుతి నుంచి వీస్తుంది, గంటలోపే 15 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడిపోతాయి. పైకి లేచిన గాలిలో తేమ ఉంటే ఉరుములు, పిడుగులు, వాన. లేదంటే ఒట్టి గాలీ దుమ్మూ. మన తెలుగు నేల మీద వేసవిలో ఇలాంటి ఫ్రంట్ రాదు. మనకు ఎండ విరగ్గొట్టేవి మధ్యాహ్నం మీద లేచే క్యుములోనింబస్ అనే ఉరుము మేఘాలు. అవి తెచ్చే ఈదురుగాలికి మామిడికాయలు రాలడం, పిడుగులకు పొలాల్లో కూలీలు బలికావడం మనకు ఏటా తెలిసిన సంగతే.

2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదయింది. ఆ రోజు అడవి మంటల్లో 173 మంది చనిపోయారు, రెండు వేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. మంట నడక తెలిస్తేనే గాలి మార్పు ఎంత పని చేసిందో అర్థమవుతుంది. వాయవ్యపు గాలికి మంట సన్నని పొడవాటి పట్టీలా ఆగ్నేయానికి పరుగెడుతుంది. ముందుకు దూకే కొస ఇరుకైనదే. పక్కలు పదుల కిలోమీటర్ల పొడవున్నా నెమ్మదిగానే కాలుతుంటాయి. గాలి నైరుతికి తిరిగిన మరుక్షణం ఆ పొడవాటి ఈశాన్యపు పక్క మొత్తం లేచి ముందుకు దూకుతుంది. అప్పటిదాకా ‘మంట మనవైపు రావడం లేదు’ అనుకున్న ఊళ్లే దాని దారిలో పడతాయి. మేరీస్‌విల్ అనే చిన్న కొండ ఊరు ఆ సాయంత్రం అలాగే కాలిపోయింది. 1983 ఫిబ్రవరి 16న విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో 75 మందిని బలిగొన్న మంటల్లోనూ గాలి మళ్లిన తరవాతి ఘడియలే ఎక్కువ ప్రాణాలు తీశాయి.

ఇక్కడో అభ్యంతరం రావచ్చు, అదీ బలమైనదే. 2009 జనవరి ఆఖరి వారంలో మెల్‌బోర్న్‌లో వరసగా మూడు రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ వారంలో రాష్ట్రంలో మామూలు కన్నా 374 మరణాలు ఎక్కువ జరిగాయని ఆరోగ్య శాఖే లెక్క తేల్చింది. అంటే మంటలకన్నా ఎండే ఎక్కువమందిని చంపింది. కాదనడానికి లేదు. 2015 మేలో మన రెండు రాష్ట్రాలూ చూసిన వడదెబ్బ చావులు తెలిసినవాళ్లెవరూ ఎండను తేలిగ్గా తీసుకోరు. అయితే ఎండ రోజుల తరబడి పీడిస్తుంది. నీళ్లూ నీడా అందించడానికి, ముసలివాళ్లను కనిపెట్టుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. గాలి మార్పుకు ఆ వ్యవధి ఉండదు. పైగా అది చల్లగా వస్తుంది కాబట్టి గండం గడిచిందనిపిస్తుంది. చాలా ఫ్రంట్‌లు ఏ హానీ చేయకుండానే పోతాయి కదా అన్నది మరో మాట. నిజమే, గడ్డీ చెట్లూ పచ్చిగా ఉంటే గాలి ఎటు తిరిగినా పెద్దగా ఏమీ కాదు. అందుకే గాలి వేళను నేల ఎంత ఎండిందన్న దానితో కలిపి చదవాలి. ఇక సూచనలు నమ్మదగినవేనా అంటారా? 2009లో గాలి మళ్లుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. లోపం ఆ మాట ఊళ్లకు చేరడంలో జరిగింది. తరవాత విచారణకు వేసిన రాయల్ కమిషన్ హెచ్చరికల తీరును గట్టిగానే తప్పుపట్టింది.

మంటలు లేని చోట కూడా ఈ మార్పు ప్రాణాంతకం కాగలదు. 2016 నవంబరు 21న, ఇంకా వసంతం వెళ్లకముందే, మెల్‌బోర్న్‌లో సుమారు 35 డిగ్రీల ఎండ కాసి, సాయంత్రం ఉరుములతో గాలి మళ్లింది. చుట్టుపక్కల బయళ్లలో రైగడ్డి పూతకొచ్చి ఉంది. దాని పుప్పొడి తేమకు పగిలి సన్నని నలుసులై, ఉరుము మేఘం నుంచి దిగిన గాలితో ఊరంతా కమ్మింది. మామూలు పుప్పొడి ముక్కు దగ్గరే ఆగిపోతుంది, ఈ నలుసులు ఊపిరితిత్తుల లోతుదాకా పోతాయి. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. బాధితుల్లో భారత సంతతివాళ్లు జనాభాలో తమ వంతును మించి ఉన్నారని తరవాతి పరిశీలనల్లో తేలింది. అంతకుముందు ఆస్తమా ఎన్నడూ రాని, గడ్డి పూసే కాలంలో తుమ్ములు మాత్రమే ఎరిగినవాళ్లు కూడా ఆ సాయంత్రం ఊపిరాడక అల్లాడారు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, ఇళ్ల వరస ముగిసి గడ్డి బయళ్లు మొదలయ్యే చోట ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. 2017 నుంచి ఏటా అక్టోబరు మొదలు డిసెంబరు ఆఖరు దాకా ఈ ఉరుముల ఆస్తమాకు ప్రభుత్వం రోజువారీ సూచన ఇస్తోంది. ముప్పు ఎక్కువన్న రోజున గాలి రాకముందే లోపలికి చేరి కిటికీలు మూసుకోవాలి, ఇన్‌హేలర్ చేతికందేలా పెట్టుకోవాలి. పగలంతా ఉడికిన ఇంటికి సాయంత్రపు చల్లగాలి తగలగానే తలుపులన్నీ బార్లా తెరిచే మన అలవాటు అలాంటి రోజుల్లో పనికిరాదు.