ఏకగుండు వేట రైఫిల్: గుండు, మందుల ఎంపిక - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంతొమ్మిదవ శతాబ్దంలో భారతదేశం, సింహళం అడవుల నేపథ్యంలో వెలువడిన వేటగ్రంథాలలో గుండు బరువు, మందు కొలత, లోహస్వభావం గురించిన చర్చ విస్తారంగా కనిపిస్తుంది. సాహిత్య పాఠకులు దీనిని సాంకేతిక వివరమని భావించి దాటవేయడం సహజం. ఒకసారికి ఒక గుండును మాత్రమే పేల్చగల రైఫిల్ విషయంలో ఈ ఎంపికకు గల ఆధారాలను వివరించడం, ఆ చర్చ తెలియకపోతే అనువాదంలో ఏర్పడే అర్థభంగాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వేటసాహిత్యం, రైఫిల్, గుండు, తుపాకిమందు, సాంకేతిక పరిభాష, అనువాదం.

1. ప్రవేశిక:
ఏకగుండు రైఫిల్‌తో వేటాడేవానికి రెండవ అవకాశం దాదాపు ఉండదు. మళ్లీ నింపేలోగా గాయపడిన జంతువు పొదలలోకి పోతుంది. అది రోజుల తరబడి బాధపడి చావవచ్చు, లేదా వెదుకుతూ వచ్చిన మనిషిపై తిరగబడవచ్చు. అందువల్ల మొదటి గుండు ప్రాణస్థానాన్ని చేరాలి, చేరాక పని పూర్తిచేయాలి. గుండు, మందుల ఎంపిక అంతా ఈ రెండు అవసరాలను ఏకకాలంలో తీర్చే ప్రయత్నమే.

2. పరిభాష:
చర్చలోకి వెళ్లేముందు కొన్ని పదాలను స్పష్టం చేసుకోవాలి. గొట్టంలోంచి వెళ్లి తగిలేది గుండు. గుండు, మందు, వాటిని పట్టి ఉంచే తొడుగు కలిసినది తూటా. నేటి పత్రికాభాషలో ఈ రెండూ ఒకదానికి బదులు మరొకటి వాడబడుతున్నాయి. ఆనాటి మందు నల్లని పొడి. దానిని మాటకు మాటగా 'నల్లమందు' అంటే తెలుగులో అభిని అనే అర్థం వస్తుంది కనుక 'తుపాకిమందు' అనడమే ఉచితం. గ్రెయిన్ అనేది తూకపు ప్రమాణం, పౌనులో 7000వ వంతు. దానిని 'గింజ' అని అనువదిస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది. డ్రామ్ అంటే పౌనులో 256వ వంతు, అంటే సుమారు 27 గ్రెయిన్లు.

3. బరువు, మందుల నిష్పత్తి:
శామ్యూల్ బేకర్ 1840లో ప్రత్యేకంగా చేయించుకొని, తరువాత సింహళంలో వాడిన ఏకగుండు రైఫిల్ బరువు 21 పౌనులు. అందులో 3 ఔన్సుల గోళాకారపు గుండుకు 16 డ్రాములు, అంటే ఒక ఔన్సు మందు వాడేవాడు. మందుకు గుండు మూడు రెట్లు. అంత మందు పేలినప్పుడు భుజానికి తగిలే తాకిడిని తట్టుకోవడానికే తుపాకికి ఆ బరువు అవసరమైంది.

1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ కూడా ఏకగుండు రైఫిలే. దాని గుండు 480 గ్రెయిన్లు, మందు 85 గ్రెయిన్లు. ఇక్కడ గుండు మందుకు అయిదున్నర రెట్లకు పైగా ఉంది. దాదాపు అదే వ్యాసం గల .450 ఎక్స్‌ప్రెస్ వేట రైఫిల్‌లో 120 గ్రెయిన్ల మందుకు 270 గ్రెయిన్ల తేలిక గుండును కూడా వాడేవారు. అప్పుడు నిష్పత్తి రెండుంబావు మాత్రమే. బరువైన గుండు దూరం వెళ్లినా వేగాన్ని నిలుపుకొంటుంది, లోతుగా దిగుతుంది. తేలిక గుండు తొలివేగంలో మిన్న, కాని ఆ వేగాన్ని త్వరగా కోల్పోతుంది. సైనికునికి దూరం ప్రధానం. దుప్పిని వేటాడేవానికి దగ్గరి దూరంలో వేగం ప్రధానం. వ్యాసం ఒకటే అయినా ఎంపిక వేరుకావడానికి కారణమిదే.

4. వేగం, దూరపు అంచనా:
సెకనుకు సుమారు 1350 అడుగుల వేగంతో బయలుదేరిన గుండు 100 గజాలు చేరేసరికి గురుత్వం వల్ల దాదాపు ఒక అడుగు, 200 గజాలు చేరేసరికి నాలుగడుగులకు పైగా కిందికి దిగుతుంది. 200 గజాల దూరంలోని జంతువును 150 గజాలలో ఉందని భ్రమపడి గురిపెడితే గుండు అడుగుకు పైగా కిందుగా పోతుంది. గుండెకు పెట్టిన గురి కాలికో పొట్టకో తగులుతుంది. అడవిలో దూరాన్ని కొలిచే సాధనం కన్ను ఒక్కటే కనుక గమనపథం ఎంత చదునుగా ఉంటే పొరపాటుకు అంత తావు తగ్గుతుంది.

మధ్యభారతపు అడవులను ఎరిగిన జేమ్స్ ఫోర్సైత్ 1863 నాటి తన గ్రంథంలో గోళాకారపు గుండును, దానికి ఎక్కువ మందును సమర్థించడానికి ప్రధాన హేతువు ఇదే. అయితే గొట్టంలోని గాడుల మెలిక బిగుతుగా ఉంటే, ఎక్కువ మందు తోసిన మెత్తని గుండు గాడులను అనుసరించక జారిపోతుంది. అందుకే ఆయన మెలిక నెమ్మదిగా ఉండాలన్నాడు. పొడవైన గుండుకు ఇందుకు భిన్నంగా బిగుతు మెలిక కావాలి. మార్టినీ-హెన్రీలో 22 అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. గుండు పొడవుకు, మెలికకు గల ఈ సంబంధాన్ని 1879లో గ్రీన్‌హిల్ సూత్రీకరించాడు. కనుక గుండును ఎంచుకోవడమంటే, ఆ గొట్టం అంగీకరించే గుండును ఎంచుకోవడమే.

5. లోహస్వభావం:
వేగం గుండును చేరుస్తుంది. చేరాక ఏమవుతుందో లోహం నిర్ణయిస్తుంది. శుద్ధ సీసం మెత్తనిది. తగిలినచోట పుట్టగొడుగులా విచ్చుకొని తన శక్తిని శరీరంలోనే వదులుతుంది. తగరం కలిపితే గట్టిపడి ఆకారం నిలుపుకొంటుంది. మార్టినీ-హెన్రీ గుండులో 12 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం ఉండేది. ఎక్స్‌ప్రెస్ గుండు ముందుభాగంలో బోలు ఉంచేవారు. తేలిక శరీరం గల జింకజాతికి అది తక్షణ మరణాన్నిచ్చేది.

1890లో బేకర్ చేసిన విమర్శ ఇక్కడే కీలకం. బలిసిన కండరాలు గల పెద్ద జంతువుకు తగిలినప్పుడు బోలుగుండు లోతుకు దిగకముందే ఛిద్రమవుతుందని ఆయన అభ్యంతరం. పులికి, కణుజు వంటి పెద్ద జింకలకు ఆయన ఎంచుకొన్నది .577 రైఫిల్‌లో 648 గ్రెయిన్ల శుద్ధ సీసపు నిండుగుండు, 6 డ్రాముల మందు. గుండు శరీరాన్ని చీల్చుకొని అవతలికి పోతే మిగిలిన శక్తి వృథా. పైపైన పగిలిపోతే అది గాయమే తప్ప మరణం కాదు. విచ్చుకొంటూనే అవతలి చర్మం దాకా చేరి ఆగిపోవడం ఆయన ఆశించిన ఫలితం. ఏనుగు, అడవిదున్నల మందమైన చర్మానికి, ఎముకకు మాత్రం గట్టిపరచిన గుండే తగినది.

6. ముగింపు:
గుండు బరువు, వేగం, లోహం, గాడుల మెలిక అనే నాలుగింటిలో ఒకదానిని మార్చితే మిగిలినవి మారక తప్పదు. అన్ని జంతువులకు సరిపోయే గుండు లేదు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నిషిద్ధమైంది, ఆ అనుభవం పుస్తకాలలోనే మిగిలింది. అయినా వేటగాడు 'గుండు తగిలింది, జంతువు పడలేదు' అన్నప్పుడు అది అతని గురి లోపమా, దూరపు భ్రమా, జంతువుకు తగని గుండా అన్నది పాఠకుడు తేల్చుకోవలసిన ప్రశ్న. దానికి సమాధానం ఆ గ్రంథకర్త నమోదు చేసిన అంకెలలోనే ఉంటుంది. వేటసాహిత్యాన్ని అనువదించేవారు, బోధించేవారు ఆ అంకెలను వదిలివేస్తే, జంతువు పడిన బాధకు ఎవరు బాధ్యులో చెప్పే సాక్ష్యాన్ని కూడా వదిలివేసినట్లే.