వార్తల్లో పదం: ఎల్‌డాక్

కొత్త ఫోన్లు, ఇయర్‌బడ్స్ విడుదల వార్తల్లో ‘ఎల్‌డాక్ సపోర్ట్’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. ఇది సోనీ 2015లో తెచ్చిన బ్లూటూత్ కోడెక్. అంటే పాటను ఫోన్‌లో కుదించి, హెడ్‌ఫోన్‌లో మళ్లీ విప్పే పద్ధతి.

కుదించని సీడీ పాటకు సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్ ఆడియో అంత మోయలేదు. అందుకే చెవి పెద్దగా పట్టించుకోని వివరాలను వదిలేసి పంపుతారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ సాధారణంగా 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. ఎల్‌డాక్‌కు 330, 660, 990 అని మూడు మెట్లున్నాయి. పై మెట్టు అంకె ఘనమే. కానీ రద్దీ బస్టాండులోనో, ఫోను వెనక జేబులో ఉన్నప్పుడో సిగ్నల్ తడబడితే పాట తెగుతుంది. ఆటోమేటిక్‌లో ఉంచితే ఫోనే కింది మెట్టుకు దిగుతుంది. పెట్టె మీది 990 అన్నివేళలా చెవిదాకా రాదన్నమాట.

పైగా ఫోను, హెడ్‌ఫోన్ రెండింటిలోనూ ఎల్‌డాక్ ఉండాలి. లేకుంటే రెండింటికీ తెలిసిన మరో కోడెక్‌తో సరిపెట్టుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో 8.0 నుంచి ఇది అందుబాటులో ఉంది. ఐఫోన్లు ఏఏసీ వాడతాయి. ఏది నడుస్తోందో ఆండ్రాయిడ్ ఫోన్ల డెవలపర్ ఆప్షన్స్‌లో చూడొచ్చు. ఇదంతా పాటల వరకే. కాల్స్‌కు వేరే కోడెక్‌లున్నాయి.