గురి క్రీడలో తొలి అడుగు: షూటింగ్‌లోకి కొత్తవారి ప్రవేశం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం, 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో విజయ్ కుమార్ రజతం, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం, 2024 పారిస్‌లో మూడు కాంస్యాలు భారతీయ షూటింగ్‌కు విశేషమైన గుర్తింపు తెచ్చాయి. అయితే ఒక క్రీడకు కీర్తి రావడం వేరు, ఆ క్రీడలోకి కొత్తవారు రావడం వేరు. పతకం ఆసక్తిని పుట్టిస్తుంది. ఆ ఆసక్తి అభ్యాసంగా మారాలంటే తుపాకి, రేంజ్, శిక్షకుడు అందుబాటులో ఉండాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ విభాగాల ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. క్రీడా స్వభావం:

ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. దానిపై పేల్చే గుండు వ్యాసం 4.5 మి.మీ. ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం 11.5 మి.మీ. ఉంటుంది. అర్హత పోటీలో 60 గుండ్లు పేల్చాలి. 2018 నుంచి మహిళలకూ ఇదే సంఖ్య వర్తిస్తున్నది. ఇక్కడ ఎత్తు, వేగం, కండబలం నిర్ణాయకాలు కావు. నిలకడ, శ్వాస నియంత్రణ, ట్రిగ్గర్‌పై వేలి అదుపు ప్రధానం.

అందువల్లనే వయోభేదం ఈ క్రీడలో పలుచబడుతుంది. పారిస్‌లో దక్షిణ కొరియాకు చెందిన 16 ఏళ్ల బాన్ హ్యోజిన్ ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచింది. తుర్కియేకు చెందిన 51 ఏళ్ల యూసుఫ్ డికేచ్ మిశ్రమ జట్టు ఎయిర్ పిస్టల్‌లో రజతం సాధించాడు. బాన్ హ్యోజిన్ ఒక స్నేహితురాలి ప్రోత్సాహంతో 2021లో ఈ క్రీడను ప్రారంభించింది. పిలిచేవారుంటే వచ్చేవారుంటారనడానికి ఇది నిదర్శనం.

3. అవరోధాలు:

మొదటిది భయం. తుపాకి అనగానే తల్లిదండ్రులకు హింస, పోలీసులు, లైసెన్సు గుర్తుకు వస్తాయి. ప్రస్తుత నిబంధనల ప్రకారం నిర్ణీత శక్తి పరిమితికి లోబడిన 4.5 మి.మీ. ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదన్న విషయం చాలామందికి తెలియదు.

రెండవది ఖర్చు. వీధిలో ఒక్క బ్యాటు ఉంటే పదిమంది క్రికెట్ ఆడగలరు. పోటీ స్థాయి ఎయిర్ రైఫిల్ ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. దానికి తోడు ఒంటి కొలతకు సరిపడే బిగువైన జాకెట్టు, ప్యాంటు కావాలి. పిస్టల్‌కు ఆ దుస్తుల అవసరం లేదు. కనుక వనరులు తక్కువగా ఉన్న కళాశాలలకు ఎయిర్ పిస్టల్ అనువైన ప్రవేశద్వారం.

4. ఆచరణ మార్గాలు:

ఎన్.సి.సి. శిబిరాల్లో ఎందరో విద్యార్థులు .22 రైఫిల్‌తో తొలిసారి గురిపెడతారు. శిబిరం ముగియగానే ఆ అనుభవం అక్కడితో ఆగిపోతుంది. ఆసక్తి చూపినవారిని సమీపంలోని రేంజ్‌కు అనుసంధానించడం మొదటి మార్గం.

కళాశాల లేదా క్లబ్ కొన్ని తుపాకులను ఉమ్మడిగా ఉంచడం రెండవది. సొంత తుపాకి కొనుగోలును ప్రవేశానికి షరతుగా పెట్టరాదు.

మూడవది తొలి పాఠం. కొత్తవారికి తుపాకిని బల్లపై ఆనించి పేల్చే అవకాశమివ్వాలి. పాయింట్లకు బదులు గుండ్లన్నీ ఎంత దగ్గరగా పడ్డాయో చూపాలి. గుంపు ఒకచోట పడితే, సైట్‌ను సవరించి దానిని మధ్యకు తేవచ్చు. ఈ పద్ధతిలో తొలి గంటలోనే ప్రగతి కంటికి కనిపిస్తుంది.

నాలుగవది భద్రత. గొట్టం ఎల్లప్పుడూ లక్ష్యం వైపే ఉండటం, గురి కుదిరేదాకా ట్రిగ్గర్‌పై వేలు పెట్టకపోవడం వంటి నియమాలను తల్లిదండ్రుల సమక్షంలోనే బోధిస్తే వారి భయం సన్నగిల్లుతుంది.

అయిదవది గుండు లేకుండా గోడపై గుర్తుకు గురిపెట్టే అభ్యాసం. దీనికి గుండ్ల ఖర్చు లేదు. అగ్రశ్రేణి క్రీడాకారులు సైతం దీనిని పాటిస్తారు.

5. ముగింపు:

హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ విజేతగా నిలిచింది. అటువంటి ప్రతిభ ఏ ఊళ్లో ఉన్నదో ముందుగా చెప్పలేము. పరికరాలు కొనగలిగినవారికే తలుపు తెరిస్తే అది గురి పరీక్ష కాదు, స్తోమత పరీక్ష అవుతుంది. ప్రదర్శన చూడటానికి ఎందరు వచ్చారన్నది కాక, తొలి గుండు పేల్చినవారిలో ఎందరు రెండోసారి వచ్చారన్నదే కొత్తవారిని ఆకర్షించే ప్రయత్నానికి సరైన కొలమానం.