నోటిలోని తెల్లమచ్చ క్యాన్సర్ అవుతుందా? మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఏం చెప్పగలవు?

సూరత్ మరమగ్గాల మీద తయారయ్యే బట్టలో తెలుగువారి శ్రమ చాలా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి చోట్ల స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. సాంచాల దగ్గర 12 గంటల షిఫ్టు మామూలే. నిద్ర ఆపుకోవడానికీ, ఆకలి మరిచిపోవడానికీ చాలామంది కార్మికులు గుట్కానో, ఖైనీనో, మావానో బుగ్గన పెట్టుకుంటారు. మావా అంటే వక్క ముక్కలు, పొగాకు, సున్నం కలిపి నలిపిన మిశ్రమం. గుజరాత్‌లో దీని వాడకం ఎక్కువ. ఆ రాష్ట్రం 2012లో గుట్కాను నిషేధించినా నమిలే అలవాటు పోలేదు. పొగాకుతో పని లేకుండా వక్క ఒక్కటే క్యాన్సర్ తేగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 1.4 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80 వేల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు. చాలామందిలో క్యాన్సర్‌కు ముందే బుగ్గ లోపల తెల్లమచ్చో, ఎర్రమచ్చో కనిపిస్తుంది. కొందరికి నోరు బిగుసుకుపోతుంది. అయితే తెల్లమచ్చల్లో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. మారేది ఏది? చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీ ఇవాళ్టి కణాల పరిస్థితి చెబుతుంది. ఐదేళ్ల తర్వాత ఏమవుతుందో కచ్చితంగా చెప్పలేదు. ఈ ఖాళీని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పూరించగలవేమోనని శాస్త్రవేత్తలు చూస్తున్నారు.

22 అక్షరాల అదుపు

కణంలోని డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి సూచనలు ఉంటాయి. ఆ సూచన ముందు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది, ఆ నకలును చదివి కణం ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 22 అక్షరాలే. అది ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌తో కలిసి, తన అక్షరాలకు జతపడే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. దాంతో ఆ నకలు ముక్కలైపోతుంది, లేదా దాన్నుంచి ప్రొటీన్ తయారీ తగ్గుతుంది. మన ప్రొటీన్ జన్యువుల్లో సగానికి పైగా ఈ అదుపు కింద ఉన్నాయని అంచనా.

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో మొదటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ గుట్టు విప్పాయి. అది పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది అనుకున్నారు. 2000లో బయటపడిన లెట్-7 మనిషితో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక ఆ అభిప్రాయం మారింది. ఈ ఆవిష్కరణకు 2024లో నోబెల్ బహుమతి దక్కింది.

క్యాన్సర్‌తో సంబంధం 2002లో కనిపించింది. ఒక రకం దీర్ఘకాలిక రక్తక్యాన్సర్ ఉన్న రోగుల్లో సగం మందికి పైగా మిర్-15, మిర్-16 లేకపోవడమో, తగ్గిపోవడమో జరిగింది. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గితే కణితికి దారి దొరుకుతుంది. మిర్-21 తీరు దీనికి ఎదురు. అది పెరిగితే కణితిని అడ్డుకునే జన్యువుల నోరు నొక్కేస్తుంది.

లాలాజలంలో ఆనవాళ్లు

విడి ఆర్‌ఎన్‌ఏ రక్తంలో క్షణాల్లో నాశనమవుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రం ప్రొటీన్‌ను అంటిపెట్టుకునో, చిన్న కొవ్వు సంచుల్లో దాక్కునో నిలబడతాయి. గది ఉష్ణోగ్రతలో ఒక రోజు ఉంచినా, పలుమార్లు గడ్డకట్టించి కరిగించినా రక్తద్రవంలో అవి చెక్కుచెదరలేదని 2008లో అమెరికా పరిశోధకులు చూపారు. బయాప్సీ కత్తి లేకుండా క్యాన్సర్‌ను పసిగట్టవచ్చన్న ఆశకు ఇదే పునాది.

నోటి క్యాన్సర్‌కైతే రక్తం కూడా అవసరం లేకపోవచ్చు. 2009లో 50 మంది రోగుల లాలాజలాన్ని 50 మంది ఆరోగ్యవంతుల లాలాజలంతో పోల్చినప్పుడు రోగుల్లో మిర్-125ఎ, మిర్-200ఎ తక్కువగా ఉన్నాయి. అదే ఏడాది కెనడా పరిశోధకులు, క్యాన్సర్‌గా మారిన తెల్లమచ్చల్లో మిర్-21, మిర్-181బి, మిర్-345 మచ్చ ముదిరేకొద్దీ పెరుగుతున్నట్టు గుర్తించారు. నాలుక క్యాన్సర్ రోగుల్లో మిర్-21 ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం బతికారని చైనాలో జరిగిన మరో అధ్యయనం తెలిపింది. అంటే ఈ అణువులు జబ్బు ఉనికినే కాక దాని గతిని కూడా సూచించవచ్చు.

చిక్కు ఎక్కడుంది?

ఇన్నేళ్లు గడిచినా నోటి క్యాన్సర్‌కు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఏదీ ఆసుపత్రుల్లో నిత్య వాడకంలోకి రాలేదు. కారణాలు మూడు.

మొదటిది నమూనా. ఎర్ర రక్తకణాల్లో మిర్-451, మిర్-16 దండిగా ఉంటాయి. సూది గుచ్చేటప్పుడో, నమూనా తరలించేటప్పుడో కొన్ని కణాలు పగిలినా లెక్క మారిపోతుంది. క్యాన్సర్ సూచికలుగా అప్పటికి ప్రచురితమైన 79 మైక్రో ఆర్‌ఎన్‌ఏలను 2012లో పరిశీలిస్తే, వాటిలో 46 రక్తకణాల్లోనే మెండుగా ఉండేవని తేలింది. పైగా చాలా ప్రయోగశాలలు మిగతావాటిని కొలవడానికి మిర్-16నే కొలబద్దగా వాడాయి. కొలబద్దే సాగిపోతే కొలత ఎలా నిలుస్తుంది? పొగాకు నమిలేవారి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే లాలాజలానికీ ఇదే ఇబ్బంది.

రెండోది పోలిక. మిర్-21 క్యాన్సర్‌లోనే కాదు, వాపులోనూ పెరుగుతుంది. మావా నమిలే రోగిని, ఎన్నడూ నమలని ఆరోగ్యవంతుడితో పోల్చితే కనిపించే తేడా క్యాన్సర్‌దా, పొగాకుదా? సూరత్ వంటి చోట పరీక్ష పనికి రావాలంటే, అదే సాంచాల దగ్గర అన్నే ఏళ్లు నమిలి క్యాన్సర్ రానివారితో పోల్చాలి.

మూడోది లెక్క. ఉదాహరణకు, క్యాన్సర్ ఉన్న 100 మందిలో 90 మందిని పట్టి, లేని 100 మందిలో 90 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం. 10,000 మందిలో 10 మందికే జబ్బు ఉంటే అది 9 మందిని పడుతుంది. దానితోపాటు 999 మంది ఆరోగ్యవంతులను అనవసరంగా భయపెడుతుంది. అదే పరీక్షను, ఇప్పటికే మచ్చ ఉన్న 1,000 మందికి చేసి, వారిలో 50 మందికి ముప్పు ఉందనుకుంటే 45 మంది దొరుకుతారు, 95 మందికి తప్పుడు హెచ్చరిక వస్తుంది. హెచ్చరిక అందిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరికి నిజంగా ముప్పు ఉన్నట్టే. కాబట్టి ఈ పరీక్ష చోటు వీధిలోని అందరి దగ్గర కాదు, మచ్చ ఉన్నవారిలో ఎవరిని దగ్గరగా గమనించాలో తేల్చే దగ్గర.

సరైన సూచిక దొరికితే ఫలితం ఎలా ఉంటుందో వృషణాల క్యాన్సర్ చూపింది. 2019లో 600 మందికి పైగా రోగులపై జరిగిన అధ్యయనంలో మిర్-371 రక్తపరీక్ష 90 శాతం మందిలో జబ్బును పసిగట్టింది, జబ్బు లేనివారిలో 94 శాతం మందిని సరిగ్గా తేల్చింది. ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏ పిండదశ కణాలకు చెందినది కావడం అందుకు కారణం. ఆరోగ్యంగా ఉన్న పెద్దల రక్తంలో అది దాదాపు కనిపించదు. నోటి క్యాన్సర్‌కు ఇంత ప్రత్యేకమైన అణువు ఇంకా దొరకలేదు. అందుకే పరిశోధకులు ఒక్కదాన్ని నమ్మకుండా, కొన్నిటిని కలిపి చూసే పద్ధతుల వైపు వెళ్తున్నారు.

ఈలోగా ఏం చేయాలి?

నోరు తెరిచి, వెలుతురులో చూడడం ఇవాళ్టికీ గట్టి ఆయుధం. తిరువనంతపురం జిల్లాలో దాదాపు 1.9 లక్షల మందితో సాగిన అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కంటితో నోరు పరీక్షించిన గ్రామాల్లో, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్షను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తున్నారు.

రెండు వారాలకు మించి మానని పుండు, చెరిపినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, మూడు వేళ్లు నిలువుగా పెట్టలేనంతగా బిగుసుకున్న నోరు కనిపిస్తే ఆగకుండా డాక్టరును కలవాలి. మచ్చ క్యాన్సర్ అవుతుందో లేదో ముందే చెప్పే పరీక్ష రేపు రావచ్చు. బుగ్గన పెట్టుకున్నది ఉమ్మేసి, మళ్లీ ముట్టకుండా ఉండడానికి మాత్రం ఆ పరీక్ష వచ్చేదాకా ఆగక్కర్లేదు.