అందడం వేరు, పూర్తవడం వేరు

చందర్లపాడులో మిరప రైతు ఎరువుల కొట్టు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడతాడు. ఖాతాలో డబ్బు తగ్గుతుంది. కొట్టులోని సౌండ్ బాక్స్ మాత్రం పలకదు. ఫోన్‌లో ‘పెండింగ్’ అని కనబడుతుంది. ఇంతకీ డబ్బు ఎక్కడున్నట్టు?

ఈ చెల్లింపు నడిచే యూపీఐని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016 ఏప్రిల్‌లో ప్రారంభించింది. మనం పిన్ కొట్టగానే యాప్, కార్పొరేషన్ సర్వర్, డబ్బు ఇచ్చే బ్యాంకు, పుచ్చుకునే బ్యాంకు ఒకదానికొకటి పని అప్పగించుకుంటాయి. ఈ అప్పగింతలన్నీ సాగేది హెచ్‌టీటీపీ మీదే, అదీ తాళం వేసిన రూపంలో. వెబ్ పేజీలు తెప్పించుకోవడానికి టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో తయారుచేసిన పద్ధతి అది. ఏ బ్యాంకు ఏ కంప్యూటర్ వాడినా దానికి ఈ భాష తెలుసు. అందుకే అది ఇక్కడా పనికొచ్చింది.

ఇందులో కీలకం ఒకటుంది. యాప్ నుంచి ‘ఇంత సొమ్ము పంపు’ అన్న సందేశం రాగానే సర్వర్ ‘అందింది’ అని మాత్రమే బదులిచ్చి ఆ సంభాషణ ముగిస్తుంది. రిజిస్టర్ పోస్టుకు ఇచ్చే రసీదు లాంటిదే ఇది. ఉత్తరం తీసుకున్నామని చెబుతుంది గానీ, చేరిందని కాదు. బ్యాంకుల పని ముగిశాక ఫలితం మరో సందేశంగా వస్తుంది. పని అయ్యేదాకా లైను పట్టుకుని కూర్చుంటే, ఒక్క బ్యాంకు నెమ్మదించినా మిగతావాళ్ల లావాదేవీలూ ఆగిపోతాయి. హెచ్‌టీటీపీలోనూ ఇందుకు 202 అనే సంకేతం ఉంది: పని స్వీకరించాం, ఇంకా పూర్తి కాలేదు అని.

ఆ రెండో సందేశం దారిలో ఆలస్యమైతే? ప్రతి లావాదేవీకీ ప్రత్యేకమైన నంబరు ఉంటుంది. ఆ నంబరు చూపించి ‘దీని సంగతి ఏమైంది’ అని సర్వర్‌ని మళ్లీ అడగొచ్చు. అదే నంబరుతో సందేశం రెండుసార్లు వచ్చినా, అది పాతదేనని గుర్తుపట్టి సొమ్ము రెండోసారి కోయకుండా ఆపొచ్చు.

మనం కంగారుపడి మళ్లీ స్కాన్ చేస్తే మాత్రం పుట్టేది కొత్త నంబరు. వ్యవస్థ దృష్టిలో అది వేరే చెల్లింపు. డబ్బు రెండుసార్లు పోవచ్చు. కాబట్టి పెండింగ్ అని వస్తే కాసేపు ఆగి, 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం, కొట్టుకు చెల్లింపు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోపు డబ్బు వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. అది మనం అడగకుండానే ఇవ్వాల్సింది.