రెండేళ్ల బిడ్డ ‘నేనే’ అన్నప్పుడు

అపోహ: మాంటిస్సోరి అంటే ఇంగ్లీషు మీడియం, టై కట్టిన యూనిఫాం, రెండున్నరేళ్లకే ఏబీసీడీలు.

వాస్తవం: ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాయించుకోవచ్చు. పేరుతో పాటు పద్ధతి రాదు. రెండేళ్ల పిల్లలకు ఆ పద్ధతిలో ముందు అందేది పలకాబలపం కాదు, చేతిపని. నీళ్లు ఒంపుకోవడం, చెప్పులు వేసుకోవడం, తిన్న పళ్లెం తీయడం.

అపోహ: అది డబ్బున్నవాళ్ల చదువు.

వాస్తవం: డాక్టర్ మరియా మాంటిస్సోరి మొదటి బడిని 1907 జనవరి 6న రోమ్‌లో, శాన్ లొరెంజో అనే పేదవాడలో తెరిచారు. పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసమే అది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల మన దేశంలోనే ఉండిపోయి, వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. విజయవాడలో కోటేశ్వరమ్మ గారనే విద్యావేత్త 1955లోనే ఆ పేరుతో బడి పెట్టారు. చింతలపూడి లాంటి ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఒక చిన్న చెంబు, ఎక్కి నిలబడే పీట, తుడుచుకునే పాతగుడ్డ ఉంటాయి. మొదలుపెట్టడానికి అవి చాలు.

అపోహ: అన్నీ మనం చేసిపెడితేనే ప్రేమ.

వాస్తవం: అమ్మ మొక్కజొన్న చేలోకో పామాయిల్ తోటలోకో పోతే, బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతాడు. చందమామను చూపిస్తూ ముద్దలు పెట్టే ఆ చేతుల్లో ప్రేమకు కొదవలేదు. కానీ వాడు ‘నేనే’ అని పళ్లెం లాక్కున్నప్పుడు అది పెంకితనం అనుకుంటాం. అన్నం అమ్మమ్మే కలపాలి, నోట్లో వాడే పెట్టుకోవాలి. సగం కింద పడుతుంది. పడనివ్వండి. తర్వాత గుడ్డ వాడికే ఇవ్వండి. కొత్తిమీర తుంచమనండి, చిక్కుడుకాయలకు ఈనెలు తీసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. మనకు పది నిమిషాల పని అరగంట పడుతుంది. ‘నా వల్ల అవుతుంది’ అనే ధైర్యం వాడికి ఆ అరగంటలోనే వస్తుంది. ఎంత మెచ్చుకున్నా రానిది అది.

అపోహ: మారాం చేస్తే ఒకటి తగిలించాలి, లేదా ఫోన్ ఇవ్వాలి.

వాస్తవం: ఈ వయసులో ప్రతిదీ తన చోట, తన వరుసలో ఉండాలన్న పట్టుదల పిల్లల్లో బలంగా ఉంటుందని మాంటిస్సోరి గమనించారు. రోజూ తాగే గ్లాసు మారితే మనకేమీ కాదు, వాడికి లోకం తలకిందులవుతుంది. తన కోపాన్ని తనే చల్లార్చుకునే శక్తి ఇంకా లేదు. దగ్గర కూర్చుని, గొంతు పెంచకుండా, “నీ గ్లాసు తీశానని కోపం వచ్చింది కదూ, నాన్నా” అంటే, తనకు కలిగినదానికి ఒక మాట ఉందని తెలుస్తుంది. దెబ్బతో ఏడుపు ఆగవచ్చు, కోపం లోపలే ఉంటుంది.

అపోహ: స్వేచ్ఛ ఇస్తే చెప్పినమాట వినరు.

వాస్తవం: హద్దు లేని స్వేచ్ఛ ఆ పద్ధతిలోనే లేదు. ఏ చొక్కా వేసుకోవాలో బిడ్డ ఇష్టం. పొయ్యి దగ్గరకు, నీళ్లతొట్టి దగ్గరకు, చేపలచెరువు గట్టు మీదకు పెద్దవాళ్లు లేకుండా వెళ్లకూడదు. అందులో బేరం లేదు. తరగతిలో ఒక్కో వస్తువు ఒక్కటే ఉంచడం కూడా అందుకే. పక్కవాడు ముగించేదాకా ఆగడం అలా అలవాటవుతుంది.

బడి చూడటానికి వెళ్తే ఫీజు కంటే ముందు అలమారా ఎత్తు చూడండి, బిడ్డ చేతికి అందుతోందా అని. నీళ్లు ఒలికినప్పుడు టీచరు ఏం చేస్తున్నారో ఓ గంట నిలబడి గమనించండి.