బిడ్డ ఊరకున్నదా? ఈడు నెరిగి చేయవలసిన ఉపచారము

వరి పండించు మనకు దశలను గురించి యొకరు చెప్పవలసిన పని లేదు. నారుమడికి పెట్టు నీరు వేరు, పిలకలు తొడుగునప్పుడు పెట్టు నీరు వేరు. నారుమడిలో ఆకు పసుపెక్కినచో మనకు దిగులు పుట్టును. కోతకు ముందు చేనంతయు పసుపెక్కినచో సంతోషము కలుగును. గురుతు ఒక్కటియే, కాని దశనుబట్టి యది కీడును తెలుపును, మేలును తెలుపును.

చేనును జూచునప్పుడు ఈ వివేకమును మనము మరువము. ఇంట బిడ్డ జబ్బుపడినప్పుడు మాత్రము మరచుచున్నాము. నెల బిడ్డకును, రెండేండ్ల బిడ్డకును, పదేండ్ల బాలునకును ఒకే తీరున ఉపచారము చేయుచున్నాము. "ఏడ్పు మానినది, ఊరకున్నది, కావున నెమ్మదించినది" అని తలంచుట మన గ్రామములలో సర్వసాధారణము. ఈ తలంపు వలన పోయిన ప్రాణములు కలవు. బిడ్డ ఊరకుండుట ఏ యీడున దేనిని తెలుపునో, దానినిబట్టి తల్లిదండ్రులును ఆసుపత్రి నర్సులును ఏమి చేయవలెనో ఈ నెల సభ్యులకు విన్నవింప దలచినాము.

పిల్లల యుపచారము నేర్చు నర్సులు బాల్యమును అయిదు భాగములుగా జూతురు. పుట్టినది మొదలు ఏడాది వరకు శైశవము; ఒకటి మొదలు మూడేండ్ల వరకు తప్పటడుగుల ప్రాయము; మూడు మొదలు ఆరేండ్ల వరకు బడికి ముందటి ప్రాయము; ఆరు మొదలు పండ్రెండేండ్ల వరకు బడి ప్రాయము; అటుపైన యౌవనారంభము. పిల్లల బుద్ధి పెరుగు క్రమమును స్విట్జర్లాండు దేశీయుడగు జీన్ పియాజే (1896–1980) పరిశీలించెను. మనసు పెరుగు క్రమమును ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. వీరు చెప్పిన సంగతులు ఆసుపత్రులలో మంచము ప్రక్కన ఉపయోగపడుచున్నవి.

శైశవము

ఈ దశలో బిడ్డకు ఏడ్పే మాట. ఆకలియైనను, నొప్పియైనను, చలియైనను అది యేడ్చి తెలుపును. కావున రోజుల బిడ్డ పాలు కుడువక, కదలక, ఊరక పడియున్నచో అది నెమ్మది కాదు. ఏడ్చుటకైనను శక్తి లేదని యర్థము. రెండు నెలలలోపు బిడ్డ పాలు విడిచినను, ఒళ్లు కాలినను లేక చల్లబడినను, మూర్ఛ వచ్చినను, ఊపిరి పీల్చునప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నను తెల్లవారు వరకు ఆగరాదు. 2005లో మన ప్రాంతమున ఆరంభమైన 108 బండిని పిలిచి వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

ఊపిరి లెక్కించుట ప్రతి తల్లియు నేర్చుకొనదగినది. బిడ్డ ఏడ్వక యున్నప్పుడు గడియారము జూచి నిండు నిమిషము పొట్ట యెన్నిసార్లు లేచునో లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు 50, ఏడాది మొదలు అయిదేండ్లలోపు 40 సార్లు గాని అంతకు మించి గాని యున్నచో అది వేగమైన శ్వాస. దగ్గు పడిసెముతో నిట్లున్నచో ఊపిరితిత్తులకు రోగము సోకినదేమో యని శంకింపవలెను. నిమిషమునకు 45 సార్లు ఊపిరి తీయు ఆరు నెలల బిడ్డకు శ్వాస వేగము లేదు. అంతే తీయు రెండేండ్ల బిడ్డకు కలదు. ఈడు తెలియనివారికి ఈ లెక్క యెందుకును కొరగాదు.

ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చుసరికి బిడ్డ తనవారిని, పరులను వేరుగా గుర్తించి క్రొత్త మొగమును జూచి బెదరును. ఇది పెంకితనము కాదు, బుద్ధి పెరుగుటకు గురుతు. అందుచే నేర్పు గల నర్సు బిడ్డను తల్లి యొడిలోనే యుంచి, మొదట దూరమునుండి శ్వాసను జూచి, పిమ్మట గుండె చప్పుడు విని, బాధ కలిగించు నోటి పరీక్ష, చెవి పరీక్ష తుదకు చేయును. సూది వేయునప్పుడు తల్లి చన్నిచ్చుచుండినచో బిడ్డకు నొప్పి తగ్గునని పరీక్షల వలన తేలినది. ఇట్లు చేయుటకు వీలున్నదా యని తల్లి నర్సును సంకోచింపక యడుగవచ్చును.

తప్పటడుగుల ప్రాయము

ఈ యీడున రోగము కంటె తల్లి యెడబాటే బిడ్డకు పెద్ద బాధ. 1952లో లండనులో జేమ్స్ రాబర్ట్‌సన్ అను నాతడు, ఎనిమిది దినములు ఆసుపత్రిలో నున్న రెండేండ్ల బాలిక స్థితిని చలనచిత్రముగా తీసి వైద్యులకు చూపెను. ఆ కాలమున అచ్చటి ఆసుపత్రులలో తల్లిదండ్రులను బిడ్డల చెంత నుండనిచ్చెడివారు కారు. తల్లిని విడిచిన బిడ్డ మొదట గట్టిగా నేడ్చి యెదిరించును. పిమ్మట ఆశ విడిచి ముడుచుకొని పడియుండును. తుదకు తల్లి వచ్చినను పట్టనట్లుండును అని యాతడు చెప్పెను. ఏడ్పు మానిన బిడ్డను జూచి నర్సులు అలవాటు పడినదని సంతోషించెడివారు. నిజమునకది అలవాటు కాదు, నిరాశ. 1959లో ఆ దేశమున వెలువడిన ప్లాట్ సంఘ నివేదిక, తల్లిదండ్రులు బిడ్డలను ఎప్పుడైనను చూడవచ్చుననియు, పసిబిడ్డలతో తల్లులు ఆసుపత్రిలో నుండుటకు వసతి కల్పింపవలెననియు చెప్పెను.

మన దేశమున తల్లి ఆసుపత్రిలో తోడుండుట సాధారణమే. కాని నాట్ల దినములలో, కోతల దినములలో ఏమి జరుగుచున్నదో మనకు తెలియనిది కాదు. "బిడ్డ నిద్రపోయినది గదా" యని చెప్పకుండ జారుకొని పొలమునకు వచ్చు తల్లులు కలరు. కూలి పోవునను భయము, అదను తప్పునను భయము వారిని తరుముచున్నవి. వారిని నిందించుట మా యభిప్రాయము కాదు. వెళ్లక తప్పనప్పుడు బిడ్డకు చెప్పియే వెళ్లవలెను. ఏడ్చినను చెప్పియే వెళ్లవలెను. బిడ్డ యెరిగిన అమ్మమ్మనో, నాయనమ్మనో, పిన్నినో చెంత నుంచవలెను. తల్లి కట్టు చీర ముక్కయో, బిడ్డ ఆడుకొను బొమ్మయో మంచముపై నుంచవలెను.

జబ్బులో ఈ యీడు పిల్లలు నేర్చిన మాటలు మరతురు, పక్క తడుపుదురు, నడచు బిడ్డ యెత్తుకొమ్మని మారాము చేయును. దండింపరాదు, ఒళ్లు కుదుటపడిన పిమ్మట అవి మరల వచ్చును. మందు త్రాగింపవలసినప్పుడు "త్రాగుదువా?" అని యడిగిన "త్రాగను" అనియే యుత్తరము. "ఈ గిన్నెతోనా, ఆ గిన్నెతోనా?" అని యడిగినచో తన మాట చెల్లినదని బిడ్డకు తృప్తి, మందు లోనికి పోయినదని మనకు తృప్తి.

నీళ్ల విరేచనములు పట్టిన బిడ్డకు నీరు, పాలు మాన్పించుట మిక్కిలి యపాయకరము. ఓ. ఆర్. ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలో, సాధారణముగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, రెండేండ్లలోపు వారికి విరేచనమైన ప్రతిసారి 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పైయీడు వారికి 100 మొదలు 200 మిల్లీలీటర్లు చెంచాతో కొలదికొలదిగా పట్టవలెను. కలిపిన నీరు ఒక దినమునకు మించి నిలువ యుంచరాదు. చనుబాలు మానరాదు. వైద్యుడు చెప్పిన జింకు బిళ్ల విరేచనములు కట్టినను 14 దినములు వేయవలెను. కన్నులు లోనికి పోయి, త్రాగలేక మత్తుగా ఊరకున్న బిడ్డను ఇంటనుంచరాదు.

రైతులమగు మనకు మరియొక హెచ్చరిక. ఈ యీడు బిడ్డ దొరికిన ప్రతి వస్తువును నోట పెట్టుకొనును. పురుగు మందును త్రాగు నీటి సీసాలలో పోసి వసారాలో నుంచుట మానవలెను. మందు డబ్బాను తాళము గల పెట్టెలోనే యుంచవలెను.

బడికి ముందటి ప్రాయము

నాలుగేండ్ల బిడ్డ తన చేతల వలననే లోకమంతయు నడచుచున్నదని తలంచును. తనకు జబ్బు చేసిన, తాను చేసిన అల్లరికి శిక్షయని నమ్మును. అట్టి బిడ్డ ఆసుపత్రిలో ఊరకున్నచో అది వినయము కాదు, భయము. "అల్లరి చేసితివా, డాక్టరుచే సూది వేయింతును" అని మనము ఇంట బెదిరించిన బెదిరింపు ఆనాడు ఫలించును. ఆ మాటను మన యిండ్లనుండి తొలగింపవలెను. "నీ తప్పేమియు లేదు, ఇది శిక్ష కాదు" అని బిడ్డకు పలుమార్లు చెప్పవలెను.

సూది గ్రుచ్చిన చోటినుండి నెత్తురంతయు కారిపోవునని ఈ పిల్లలు బెదరుదురు. చిన్న పట్టీ యంటించిన ఊరడిల్లుదురు. మొదట బొమ్మకు సూది వేసినట్లు ఆడి చూపుట నర్సులు చేయు మంచి పని. 1983లో అమెరికాలో డోనా వాంగ్ అను నర్సును, కోనీ బేకర్ అను నామెయు కలిసి, నవ్వు మొగము మొదలు ఏడ్పు మొగము వరకు ఆరు మొగముల పటము నొకటి సిద్ధపరచిరి. మూడేండ్లు దాటిన బిడ్డ తన నొప్పికి దగిన మొగమును వ్రేలితో చూపును. నొప్పి యెంతయో చెప్ప నేరని బిడ్డకు ఇట్లు భాష దొరికినది.

బడి ప్రాయమును, ఆపైన

ఆరేండ్లు దాటిన పిల్లలు కారణము, ఫలము గ్రహింతురు. వారికి నిజమే చెప్పవలెను. "నొప్పి యుండదు" అని చెప్పి సూది వేసినచో మరునాడు మన మాట నమ్మరు. "చీమ కుట్టినట్లుండును, పది లెక్కపెట్టు లోపల పోవును" అని చెప్పి, వానిచేతనే లెక్కపెట్టింపవలెను. ఈ యీడు బాలుడు ఊరకున్నచో, నొప్పి యున్నదన్న మరల సూది వేయుదురను భయముతో దాచుచున్నాడేమో యని విచారింపవలెను.

యౌవనారంభమున ఊరకుండుటకు కారణము సిగ్గు. బాలికను గాని బాలుని గాని పదిమందిలో పరీక్షించి ప్రశ్నించిన నిజము బయటికి రాదు. తెర చాటున, మర్యాదగా, తల్లిదండ్రులు కొంచెము దూరముగా నున్నప్పుడు మాటలాడు నర్సుకే వారు మనసు విప్పుదురు.

ఎదుగుదల గురుతులు

ఈడు తెలియుట జబ్బులోనే కాదు, ముందు జాగ్రత్తకును పనికివచ్చును. మూడు నెలలకు మొగము జూచి నవ్వనిచో, నాలుగు నెలలకు మెడ నిలుపనిచో, తొమ్మిది నెలలకు ఆసరా లేక కూర్చుండనిచో, పదునెనిమిది నెలలకు నడువనిచో, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకనిచో, "మా వంశమున అందరును ఆలస్యమే" యని కాలము గడుపరాదు. జబ్బు తీరి కొన్ని వారములైనను మరచిన విద్య మరల రానిచో నదియు శంకింపదగినదే. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద, పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు కలవు. అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడిగిన దారి చూపుదురు.

సంఘమువారు చేయదగినది

తల్లి బిడ్డ చెంత నుండుటయు మందువంటిదే యని పైన జూచితిమి. ఆ మందునకు వెల నాట్లలో పోవు దినములు. ఈ వెలను ఒక్క కుటుంబము భరింపలేదు, పదిమంది కలిసిన భరింపవచ్చును. సభ్యుని బిడ్డ ఆసుపత్రిలో నున్న దినములలో అతని మడిలో తక్కిన సభ్యులు వంతులవారీగా నాటు వేయుట, నీరు కట్టుట చేసినచో ఆ తల్లి నిశ్చింతగా బిడ్డ ప్రక్కన కూర్చుండును. ఇందులకు అప్పు అక్కరలేదు, పద్దు అక్కరలేదు; నేడు మీరు చేసినది రేపు మీకు తిరిగివచ్చును. సహకారమను మాటకు ఇంతకు మించిన యర్థమును మేమెరుగము. అదను తప్పిన చేను మరుసటి యేట మరల వేయవచ్చును. బిడ్డకు మాత్రము ఈ యీడు మరల రాదు.